మనకి కొండుంది కదండీ!

బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో స్క్రోలింగ్ మొదలవగానే విశాఖపట్నంలో ఒక మాట వినిపిస్తుంది: "మనకి కొండుంది కదండీ, ఏటీ అవదు." పోర్టు పక్కన సముద్రంలోకి ముక్కు చాచిన డాల్ఫిన్ నోస్ తుపానులను అటు ఒడిశాకో ఇటు కాకినాడకో మళ్లిస్తుందని ఊళ్లో చాలామంది నమ్మకం. వాతావరణ శాస్త్రం ఈ సేవను గుర్తించకపోవడం విచారకరం.

శాస్త్రం చెప్పేదేమిటి? సముద్రం పైనీరు తగినంత లోతు వరకు 26.5 డిగ్రీలకు పైగా వేడెక్కితే ఆవిరి ఎగసి, పైన చల్లబడి మేఘమవుతూ, మోసుకెళ్లిన వేడిని అక్కడ వదిలేస్తుందట. ఆ వేడికి గాలి ఇంకా పైకి లేస్తుంది, కింద పీడనం ఇంకా పడిపోతుంది, ఖాళీ నింపడానికి చుట్టుపక్కల గాలి పరిగెత్తుకొస్తుంది. భూమి తిరుగుతోంది కనుక తిన్నగా రాలేక, మన అర్ధగోళంలో అపసవ్యంగా సుడి తిరుగుతుంది. భూమధ్యరేఖ దగ్గర ఆ తిప్పు చాలదు, అక్కడ తుపానులు దాదాపు పుట్టవు. (అక్కడ స్థలం గజం ఎంతుందో కనుక్కోవాలి.) ఎగువ గాలులు అడ్డంగా కోసేయకపోతే అల్పపీడనం వాయుగుండమై, తీవ్ర వాయుగుండమై, గాలి వేగం గంటకు 62 కిలోమీటర్లు చేరాక పేరున్న తుపానవుతుంది. అప్పటికి మేఘాలు పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తు దాటి ఉంటాయి, సుడి వందల కిలోమీటర్ల వెడల్పుంటుంది. ఇంత కథలో కొండ ఊసే లేదు. ఉత్తరాంధ్ర మీద వివక్షకు ఇంకేం రుజువు కావాలి?

2014 అక్టోబరు 12న ఈ శాస్త్రమే గెలిచినట్టు కనిపించింది. ఒమన్ పెట్టిన పిట్ట పేరుతో హుద్‌హుద్ సరిగ్గా విశాఖలోనే తీరం దాటింది. గాలి గంటకు 180 కిలోమీటర్లు. విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, కైలాసగిరి పచ్చదనం ఊడ్చుకుపోయింది. తుపాను కన్ను ఊరి మీదికి రాగానే గాలి ఆగింది. అయిపోయిందనుకుంటే, రెండో సగం ఎదురు దిక్కు నుంచి దిగింది. కొండ సెలవులో ఉందా అని మా వీధి పెద్దాయన్ని అడిగాను. "కొండే లేకపోతే ఇంకెంత ఘోరంగా ఉండేదో ఆలోచించారా?" అన్నారు. ఆలోచించాను. ఇలాంటి వాదనను కూల్చే తుపాను ఏ సముద్రంలోనూ పుట్టదు.

2025 అక్టోబరులో మొంథా కాకినాడ వైపు తీరం దాటింది. తుపానును నడిపేవి చుట్టూ ఉన్న పెద్ద గాలులు, ఎగువన ఉండే అధిక పీడనాలు అంటారు నిపుణులు. పెద్దాయన మాత్రం "చూశారా, కొండే తోసేసింది" అని టీ పోయించారు. నిజమే కాబోలని, "అలాగైతే కాకినాడ వాళ్ల నష్టపరిహారం మనమే కట్టాలేమో మాస్టారూ, వీధికింత అని చందా వేద్దామా?" అన్నాను.

"కొండేటి చేస్తదండీ," అన్నారాయన టీ గ్లాసు కింద పెట్టి, "అదంతా పై గాలి."