ఫ్రెట్ గాళ్లు కోయడానికి సీఎన్‌సీ అక్కరలేదు

గిటారు ఫింగర్‌బోర్డు (వేళ్లతో తీగలు నొక్కే పలక) మీద ఫ్రెట్ గాళ్లు, అంటే వీణ మెట్ల లాంటి లోహపు కమ్మీలు దిగే సన్నటి గాట్లు, కోయాలంటే సీఎన్‌సీ (కంప్యూటరు నడిపే కోత) యంత్రం ఉండి తీరాలని, లేదంటే గాళ్లు కోసి ఉన్న పలకను విదేశాల నుంచి తెప్పించుకోవాలని కొత్తవారికి నూరిపోయడం ఈ మధ్య మరీ ఎక్కువైంది. సొంతంగా ఒక వాద్యం తయారు చేద్దామని ఉత్సాహపడే కుర్రవాడు మొదటి ప్రశ్న అడుగుతాడో లేదో, పది మంది ఇదే జవాబుతో అతని నోరు మూయిస్తున్నారు. ఇది చూసి చూసి విసిగిపోయి ఇంత పొడుగు రాస్తున్నాను.

సన్నటి కోత పడే చేతిరంపం, మూలమట్టం, మంచి స్టీలు స్కేలు, సన్నటి మొన ఉన్న కత్తి, ఒక చదరపు చెక్క దిమ్మ. ఫ్రెట్ గాళ్లకు ఇవి చాలు. గిటారు శ్రుతి చెడేది గీత గీసే దగ్గర. రంపం ఆ గీత వెంట వెళ్తుంది, అంతే. గీత తప్పయితే ఎంత గొప్ప యంత్రమైనా ఆ తప్పునే చక్కగా కోసి పెడుతుంది.

లెక్క చూడండి. ఫెండర్ కంపెనీ చేసే చాలా గిటార్లలో తీగ పొడవు, అంటే నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జి (గిటారు ఒంటి మీద తీగల రెండో కొస ఆనే భాగం) వరకు, 25.5 అంగుళాలు, అంటే 648 మిల్లీమీటర్లు. దీన్ని 17.817తో భాగిస్తే నట్ నుంచి మొదటి ఫ్రెట్ దూరం వస్తుంది: 36.37 మి.మీ. మిగిలిన పొడవును మళ్లీ అదే అంకెతో భాగిస్తే మొదటి ఫ్రెట్ నుంచి రెండోదాని దూరం; రెండూ కూడితే నట్ నుంచి దూరం. ఇలా వెళ్తే పన్నెండోది సరిగ్గా సగంలో, 324 దగ్గర పడుతుంది. ఒక స్థాయిని (స నుంచి పై స వరకు) పన్నెండు సమాన అర్ధస్వరాలుగా విభజించినప్పుడు ఒక్కో అర్ధస్వరానికి పౌనఃపున్యం 1.05946 రెట్లు పెరుగుతుంది. 17.817 పుట్టింది ఆ నిష్పత్తిలోంచే. పూర్వం 18తో భాగించేవారు. గెలీలియో తండ్రి, ల్యూట్ వాద్యకారుడు విన్సెంజో గెలీలీ 1581లో చెప్పిన 18:17 నిష్పత్తి అదే. ఆ లెక్కతో 648 కడితే పన్నెండో ఫ్రెట్ 321.6 దగ్గరే ఆగిపోతుంది, పై షడ్జమం సుమారు 12 సెంట్లు తగ్గి పలుకుతుంది. సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు. ఈరోజు ఫోనులోని కాలిక్యులేటరుతో ఈ పట్టిక మొత్తం టీ తాగేలోపు వేసుకోవచ్చు. గణితం ఇంత సులువుగా చేతికి అందిన తరం మరొకటి లేదు.

ఇక ఎంత తప్పు జరిగితే ఎంత నష్టం? మొదటి ఫ్రెట్ అర మిల్లీమీటరు జరిగినా తేడా ఒకటిన్నర సెంటు లోపే. పన్నెండో దగ్గర అదే అర మిల్లీమీటరు 2.7 సెంట్లు అవుతుంది. ఇరవయ్యో ఫ్రెట్ దగ్గర మోగే తీగ 204 మి.మీ. మాత్రమే కాబట్టి అక్కడ నాలుగు సెంట్లు దాటుతుంది. అదే 0.2 మి.మీ. లోపల పని చేస్తే ఇరవయ్యో దగ్గర కూడా రెండు సెంట్లు మించదు. వాయించేవారు వేలు కొంచెం గట్టిగా నొక్కితేనే అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది. కత్తితో గీసిన గీతకు, నిటారుగా పట్టిన రంపానికి 0.2 మి.మీ. అందని ద్రాక్ష కాదు. యంత్రం లేదని వెనక్కి తగ్గేవారు ముందు ఈ అంకెలు చూడాలి.

అసలు జాగ్రత్త పడాల్సింది కొలిచే పద్ధతిలో. ప్రతి ఫ్రెట్‌నూ నట్ నుంచే కొలవాలి. స్కేలును పలక మీద క్లాంపులతో ఒక్కసారి బిగించి, కదపకుండా, అన్ని గుర్తులూ ఒకే దఫాలో పెట్టుకోవాలి. మొదటి ఫ్రెట్ నుంచి రెండోది, రెండో దాని నుంచి మూడోది అని కొలుచుకుంటూ పోతే ప్రతిసారీ జరిగే చిన్న తప్పు తర్వాతి దానికి తోడవుతుంది. 0.2 చొప్పున ఒకే వైపు జరిగినా 22వ ఫ్రెట్‌కు చేరేసరికి 4.4 మి.మీ. మేస్త్రీల టేపు వాడకండి. దాని కొసన ఉన్న కొక్కెం కావాలనే వదులుగా పెడతారు. పెన్సిలు కూడా వద్దు, ఆ గీత వెడల్పే అర మిల్లీమీటరు ఉంటుంది. కత్తి గీతలో రంపం పళ్లు తమంతట తామే కూర్చుంటాయి.

కాగితం మీద పట్టిక అచ్చు వేసి అతికించే పద్ధతిని గట్టిగా వ్యతిరేకిస్తాను. ప్రింటరు తనంత తానుగా పేజీకి సరిపెట్టి 97 శాతానికి కుదిస్తే 648 కాస్తా 628.6 అవుతుంది. ఫ్రెట్లన్నీ తమలో తాము సరైన నిష్పత్తిలోనే ఉంటాయి కాబట్టి చూస్తే ఏ అనుమానమూ రాదు. బ్రిడ్జిని 648 దగ్గర అతికించాక ఒక్క స్వరమూ నిలవదు. పైగా ఏ4 కాగితం పొడవు 297 మి.మీ. మాత్రమే, 22వ ఫ్రెట్ 466 దగ్గర ఉంటుంది. అంటే కాగితాలు అతికి తీరాలి, ఆ అతుకు ఎంత సరిగ్గా పడిందన్నది దైవాధీనం.

రంపం విషయానికి వస్తే, మన ఇళ్లలో యాంగిల్ గ్రైండరు, మార్బుల్ కట్టరు కనిపించగానే అన్నిటికీ అవే వాడాలన్న తొందర ఉంది. దయచేసి ఫ్రెట్ గాడికి వాటిని దగ్గరికి రానివ్వకండి. వాటి కోత వెడల్పు మిల్లీమీటరు దాటుతుంది. ఫ్రెట్ తీగ (ఫ్రెట్లుగా ముక్కలు చేసుకునే లోహపు తీగ) కాలు, అంటే గాడిలోకి దిగే భాగం, మందం సుమారు అర మిల్లీమీటరు, దాని పక్కల చిన్న ముళ్లు ఉంటాయి. గాడి 0.6 మి.మీ. దగ్గర ఉంటేనే ఆ ముళ్లు చెక్కను పట్టుకుంటాయి. వెడల్పు గాడిలో జిగురు, రంపపు పొట్టు కుక్కి ఫ్రెట్ నిలబెట్టే పని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కొన్నాళ్లకు ఆ ఫ్రెట్ కొస లేస్తుంది, తీగ గరగరమంటుంది, తప్పు చెక్కదని అంటారు. గాడి మరీ ఇరుకైనా ముప్పే. ప్రతి ఫ్రెట్ ఒక మేకులా చెక్కను రెండు వైపులకూ తోస్తుంది, ఇరవై పైచిలుకు ఫ్రెట్లు కలిసి తోస్తే గిటారు మెడ (ఈ పలక కింద ఉండే పొడవాటి చెక్క) వెనక్కి వంగిపోతుంది. అందుకే అదే చెక్క ముక్క మీద ఒక గాడి కోసి ఫ్రెట్ దిగ్గొట్టి చూడకుండా అసలు పలక ముట్టకూడదు.

జపాను డోజుకి రంపం దొరికితే మంచిదే. పలక పలుచన, లాగినప్పుడు కోస్తుంది కాబట్టి వంగదు. కొనేముందు దాని కోత వెడల్పు ఎంతో చూసుకోండి. అది లేకపోతే ఇనుము కోసే హ్యాక్సా బ్లేడు చాలు. దాని మందం 0.63 మి.మీ. దగ్గర ఉంటుంది, పళ్లు మాత్రం అటూ ఇటూ వంగి ఉండడం వల్ల కోత అంతకన్నా వెడల్పవుతుంది. బ్లేడును నూనె రాసిన సానరాయి మీద పరిచి, ఆ వంపు పోయేవరకు రెండు వైపులా సమానంగా రుద్దితే కోత దాదాపు బ్లేడు మందానికి వస్తుంది. చాలా రకాల ఫ్రెట్ తీగకు ఇది సరిపోతుంది. బ్లేడు వంగకుండా వీపున రెండు చెక్క పట్టీలు బిగించండి. ఆ పట్టీల అంచే లోతు ఆపే అడ్డు కూడా అవుతుంది. నిటారుగా నిలపడానికి చదరపు దిమ్మను గీతకు ఆనించి క్లాంపు వేసి, బ్లేడును దాని ముఖానికి అదిమి పట్టి కోయాలి. మొదటి రెండు మూడు దెబ్బలు వెనక్కి మాత్రమే లాగండి.

పలక దీర్ఘచతురస్రంగా ఉన్నప్పుడే గాళ్లు కోసేయాలి. అంచులు నట్ వైపు సన్నం చేశాక మూలమట్టం ఆనించడానికి నిటారు అంచు ఉండదు. మరొకటి, చాలామంది పట్టించుకోనిది: పలక పైముఖాన్ని 12 అంగుళాల వ్యాసార్ధంతో గుండ్రంగా చిత్రిక పడితే, 56 మి.మీ. వెడల్పు దగ్గర అంచులు దాదాపు 1.3 మి.మీ. కిందికి దిగుతాయి. చదును పలక మీద 3 మి.మీ. లోతు కోసిన గాడికి అంచుల్లో మిగిలేది 1.7. చాలా ఫ్రెట్లకు అది చాలదు. కాబట్టి చిత్రిక అయ్యాక అదే గాడిలో రంపం మళ్లీ నడిపి లోతు సరిచేయాలి. రోజ్‌వుడ్ కోసేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఆ పొడి కొందరికి దద్దుర్లు, ఆయాసం తెస్తుంది.

చేతిపని అంటే మోటు అన్న అభిప్రాయం మనవాళ్లలో ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాదు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒంటి పనస దుంగను చేత్తో తొలిచి వీణ చేస్తున్నారు. తేనెమైనం, బొగ్గుపొడి కలిపిన ముద్ద మీద 24 మెట్లు ఒక్కొక్కటీ చెవితో విని నిలబెడతారు. అక్కడ మైనం మెత్తగా ఉన్నంతసేపు మెట్టును జరుపుకునే వీలుంది, గిటారులో గాడి కోశాక ఆ వీలు లేదు. అందుకే గిటారుకు చెవి కన్నా ముందు కొలత. ఆ ఒక్క తేడాను గౌరవిస్తే మిగిలినదంతా మన వడ్రంగులకు తెలిసిన పనే. స్పెయిన్‌లో 1892లో కన్నుమూసిన ఆంటోనియో దె టోరెస్ చేసిన గిటార్లే నేటి క్లాసికల్ గిటారు రూపానికి ఆధారం. ఆయన దగ్గర ఉన్నవీ చేతి పనిముట్లే. ఇక్కడి రోజ్‌వుడ్ ప్రపంచంలోని గిటారు తయారీదారులకు వెళ్తుంటే, అదే చెక్క గాళ్లు కోయించుకుని తిరిగి మన ఇంటికి రావాలా?

నెలకు వందల మెడలు చేసే కర్మాగారానికి సీఎన్‌సీ అవసరమే, అందులో వాదనే లేదు. ఇంట్లో ఒకటో రెండో చేసుకునేవారికి మాత్రం అది అవసరం కాదు. అయినా 0.6 మి.మీ. బిట్టు గట్టి చెక్కలో ఎన్నో పొరలుగా మెల్లగా నడవాలి, లేదంటే పుటుక్కున విరుగుతుంది. యంత్రం మీద కోసిందన్న పేరు చూసి కొన్న పలకను కూడా కొలవకుండా అతికించకండి. ఒక మిత్రుడు తెప్పించుకున్న పలకలో చివరి మూడు గాళ్లు కంటికి తెలిసేంత పక్కకు పోయి ఉన్నాయి, అమ్మినవారు వాపసు తీసుకోలేదు.

628, 648, 650 పొడవులకు 22 ఫ్రెట్ల దూరాల పట్టికలు వేసి ఉంచాను. కావలసినవారు అడగండి, పంపిస్తాను. సీఎన్‌సీ లేనిదే పని జరగదనేవారు తమ దగ్గరున్న 648 పలకను ఒకసారి నట్ నుంచి కొలిచి, 12, 19, 20 గాళ్ల దూరాలు కింద రాయండి. ఉండాల్సినవి 324, 431.8, 443.9. నా చేతి కోత పలక మీది కొలతలు కూడా మొదటి వ్యాఖ్యలో పెడుతున్నాను.