పప్పు నానిపోయింది మహాప్రభో!

2021 జూన్ 14, సోమవారం. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మా ఇంట్లో అత్తయ్య పొద్దున్నే మినప్పప్పు నానబోశారు. మధ్యాహ్నం పప్పు కడిగి గ్రైండర్లో వెయ్యబోతుండగా నా ఫోను టింగుమంది. టెక్సస్ కరెంటు గ్రిడ్డును నడిపే ఎర్కాట్ సంస్థ ప్రజలకు విన్నపం చేసుకుందట. శుక్రవారం దాకా పొదుపుగా వాడండి. ఏసీ థర్మోస్టాట్ 78 ఫారన్‌హీట్ డిగ్రీలకో ఆ పైకో పెట్టుకోండి. అక్కర్లేని లైట్లు ఆపండి. ఈతకొలను పంపులు ఆపండి. ఓవెన్లు, వాషింగ్ మెషీన్లు, డ్రయ్యర్లు, అలాంటి పెద్ద సామాను వాడకండి.

ఈతకొలను సంగతి ఇబ్బంది లేదు. మాకున్న కొలను పిల్లలు కూర్చునే రబ్బరు తొట్టి, దాని పంపు నా నోరు. చిక్కల్లా గ్రైండరుతో వచ్చింది. అది పెద్ద సామానా, చిన్న సామానా? 110 ఓల్టులది కావాలని ప్రత్యేకంగా చెప్పి చేయించుకుని, రాయి ఒక సూట్‌కేసులో, డ్రమ్ము ఒక సూట్‌కేసులో సర్ది, 23 కిలోలు దాటకుండా తెనాలి నుంచి తెచ్చిన వస్తువది. మోసినవాణ్ణి నేను గనక పెద్ద సామానే అంటాను. మా ఆవిడ చిన్నదంటుంది. ఎర్కాట్ వారి జాబితాలో వెట్ గ్రైండరు ఊసే లేదు.

"అల్లుడుగారూ, పప్పు నానిపోయిందని వాళ్లకో మాట చెప్పండి" అన్నారు అత్తయ్య.

ఎవరికి చెప్పను? తెనాలిలో అయితే లైన్‌మన్ ఉంటాడు. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేస్తే రిసీవరు తీసి పక్కన పెడతారు, అదీ ఒక రకం జవాబే. ఉమ్మడి రాష్ట్రంలో 2012 నాటి కోతల్లో కూడా ఎన్నింటికి పోతుందో, ఎన్నింటికి వస్తుందో పేపర్లో వేసేవాళ్లు. చెప్పిన టైముకి రాకపోవచ్చుగానీ, పోవడం మాత్రం ఠంచనుగా పోయేది. ఇక్కడ నాకు తెలిసిన లైన్‌మన్ లేడు. యాప్ ఉంది. దానికి పప్పు భాష రాదు.

అసలు వేడుక ఏమిటంటే, అంతకు ఆరు రోజుల ముందు, జూన్ 8న, గవర్నర్ గ్రెగ్ అబాట్ గారు గ్రిడ్డు బిల్లుల మీద సంతకం పెట్టి, బాగుచేయడానికి చేయాల్సిందంతా చేసేశామని సెలవిచ్చారు. నిజమే అయ్యుంటుంది. వాళ్లు చేయాల్సిందంతా అయిపోయింది కనకే, ఇక చేయాల్సినవాళ్లం మేం మిగిలాం.

బాగుచేయాల్సిన అవసరం ఎందుకొచ్చిందో కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెబుతాను. అమెరికా కరెంటు ఉమ్మడి కుటుంబంలో టెక్సస్‌ది వేరు కాపురం. 1935లో కేంద్రం చట్టం చేసి, రాష్ట్రాల సరిహద్దులు దాటే కరెంటు మీద పెత్తనం తీసుకుంది. సరిహద్దు దాటితేనే కదా పెత్తనం, దాటకుండా ఉందాం అనుకున్నారు ఇక్కడి పెద్దలు. పక్కింటితో సంబంధం అంటే రెండు మూడు సన్నటి తీగలు. పొయ్యి మన పొయ్యి, పొగ మన పొగ. పొయ్యి ఆరిపోతే నిప్పెవరిస్తారు అని అడిగిన కోడళ్లు కూడా ఉండే ఉంటారు. ఏ ఇంట్లోనైనా కోడలి మాట వినేదెవరు?

2021 ఫిబ్రవరి 15, అర్ధరాత్రి దాటి ఒకటిన్నరకి పొయ్యి ఆరింది. బయట మంచు. సెకనుకు 60 ఊపుల దగ్గర, అంటే 60 హెర్ట్జ్ దగ్గర, నిలబడాల్సిన గ్రిడ్డు 59.4 కిందికి జారి 4 నిమిషాల 23 సెకన్లు అక్కడే వేలాడింది. 9 నిమిషాలు అలాగే ఉంటే ప్లాంట్లు గ్రిడ్డు నుంచి వాటంతటవే విడిపోయి, రాష్ట్రమంతా ఎన్ని వారాలు చీకటో దేవుడికే తెలియాలి. మా ఇంట్లో అత్తయ్య నా రెండు స్వెట్టర్లు వేసుకుని, మీద శాలువా కప్పుకుని, పెరట్లో మంచు ఎత్తి తెచ్చి ఇడ్లీపాత్రలో కరిగించారు. ఆ నీళ్లు టాయిలెట్‌లో పోశాం. ఇడ్లీపాత్రకు ఈ జన్మలో పట్టిన గతి అది. ఆవిడ దాన్ని మళ్లీ ఇడ్లీకి వాడలేదు.

అదే సమయంలో పశ్చిమ టెక్సస్‌లో ఏం జరుగుతోందో ఊహించుకోండి. కరెంటు ప్లాంటు తిరగాలంటే గ్యాసు కావాలి. గ్యాసును గొట్టంలోకి తోసే కంప్రెసర్లు తిరగాలంటే కరెంటు కావాలి. కోతలు పెట్టేవాళ్లు ఆ కంప్రెసర్లలో చాలావాటికి కూడా కోత పెట్టారు. తమకు కరెంటు ఆపొద్దని చెప్పుకోవడానికి గ్యాసువాళ్లకో ఫారం ఉంది. రెండంటే రెండు పేజీలు. చాలామంది నింపలేదు, ఉన్నట్టే తెలియనివాళ్లూ ఉన్నారు. మన దగ్గర ఆధార్‌లో ఇంటిపేరు మార్చుకోవడానికి ఇంతకంటే ఎక్కువ కాగితాలు ఇస్తాం. దాంతో పెళ్లి భోజనాల దగ్గర వియ్యంకుల వరస మొదలైంది.

"గ్యాసు పంపుదామనే ఉందండీ, కరెంటు లేదు."

"కరెంటు ఇద్దామనే ఉందండీ, గ్యాసు లేదు."

"అయితే ముందు తమరు కానివ్వండి."

"అబ్బెబ్బే, తమరి తరవాతే."

వియ్యంకులిద్దరూ ఇలా మర్యాదలు చేసుకుంటుంటే 45 లక్షల ఇళ్లూ దుకాణాలూ విస్తరి ముందు చలిలో కూర్చున్నాయి.

ఈలోగా దోషి దొరికాడు. గాలిమర! గవర్నర్ గారు టీవీలో గాలి, సోలార్ ఆగిపోయాయని, బొగ్గూ గ్యాసూ మాని గాలినీ ఎండనీ నమ్ముకుందామనే గ్రీన్ న్యూ డీల్ పథకం ప్రాణాంతకమని తేల్చేశారు. ఆ పథకం అప్పటికి ఎక్కడా అమల్లో లేదు. పుట్టని బిడ్డ మీద హత్యానేరం. మా అపార్ట్‌మెంటు రోజుల నాటి వాట్సాప్ గ్రూపులో, హెలికాప్టరు వచ్చి గడ్డకట్టిన గాలిమర మీద వేన్నీళ్లు చల్లుతున్న ఫొటో ఒకటి నాకు పదకొండుసార్లు వచ్చింది. ఆ ఫొటో స్వీడన్‌ది, ఏళ్ల నాటిది. గాలిమరలు గడ్డకట్టలేదని నేననను, కట్టాయి. అయితే మూలపడ్డ ఉత్పత్తిలో అన్నిటికంటే పెద్ద వాటా గ్యాసు ప్లాంట్లది. 2011లోనూ ఇలాగే చలికి ప్లాంట్లు ఆగాయి. చలికి తట్టుకునేలా ఏర్పాట్లు చేసుకోండని కేంద్ర సంస్థలు అప్పుడే రాసిచ్చాయి. ఎర్కాట్‌లో లేని ఎల్ పాసో ఊరు విని, చేసుకుంది. అక్కడ దీపాలు చాలావరకు వెలిగే ఉన్నాయి. ఇక్కడివాళ్లు ఆ కాగితాల్లో మిరపకాయ బజ్జీలు చుట్టుకున్నట్టున్నారు.

సెనేటర్ టెడ్ క్రూజ్ గారు ఆ వారం కాన్‌కూన్ బీచికి విమానమెక్కారు. మాజీ గవర్నర్ రిక్ పెర్రీ గారైతే, కేంద్రాన్ని మా వ్యవహారాల్లోంచి దూరంగా ఉంచడానికి టెక్సస్‌వాళ్లు మూడు రోజులకు మించి కూడా కరెంటు లేకుండా ఉంటారని మా అందరి తరఫునా మాటిచ్చేశారు. మా అత్తయ్యను అడిగారా? ఇడ్లీపాత్రను అడిగారా?

246 మంది. రాష్ట్ర ఆరోగ్యశాఖ తానే ఒప్పుకున్న లెక్క ఇది. అందులో దాదాపు మూడింట రెండొంతుల మంది చలికి ఒళ్లు బిగుసుకుపోయి చచ్చిపోయారు. హిమాలయాల్లో కాదు. సొంత ఇంట్లో, సొంత మంచం మీద, ప్రపంచానికి చమురూ గ్యాసూ అమ్మే రాష్ట్రంలో. వెచ్చదనం కోసం గరాజ్‌లో కారు స్టార్ట్ చేసుకుని ఆ పొగకి పోయినవాళ్లున్నారు. ఆ నాలుగు రోజులూ టోకు మార్కెట్లో మెగావాట్-అవర్ 9,000 డాలర్లు, అంటే యూనిట్ 9 డాలర్లు. కోతలు ఎత్తేశాక కూడా ఒక రోజుకు పైగా అదే ధర నడిపించారు. ఒక గ్యాసు కంపెనీ పెద్దమనిషి వాటాదారులతో మాట్లాడుతూ ఈ వారం జాక్‌పాట్ కొట్టినట్టుందన్నాడు. జాక్‌పాట్! శవాల లెక్క ఇంకా తేలలేదు. ఆ జాక్‌పాట్ తాలూకు అప్పును బాండ్లుగా మార్చి మా నెలవారీ బిల్లుల్లో ఏళ్ల తరబడి వసూలు చేసుకుంటున్నారు. చచ్చినవాళ్ల పిల్లలు కూడా కడుతున్నారు. వీళ్లు నాకు చెబుతారా, పప్పు రుబ్బుకోవద్దని?

సరే. వ్యంగ్యం రాస్తానని ఒప్పుకుని కూర్చున్నాను. 2023కి వద్దాం.

ఆ ఆగస్టులో ఎండ పెట్రేగిపోయింది. 10వ తేదీన 85,508 మెగావాట్ల వాడకంతో గ్రిడ్డు రికార్డు. విన్నపాలు వరసపెట్టి వచ్చాయి. 78, 78, 78. నేను బాధ్యత గల పౌరుణ్ణి, పెట్టాను. ఇల్లు ఆవిరి కుడుము అయింది. సెప్టెంబరులో ఒక వార్త చదివాను. రాక్‌డేల్ అనే ఊళ్లో పాత అల్యూమినియం ఫ్యాక్టరీ ఆవరణలో కంప్యూటర్లతో బిట్‌కాయిన్లు తవ్వే రయట్ కంపెనీ, ఆగస్టు ఒక్క నెలలో ఎండ మండే గంటల్లో తన మిషన్లు ఆపుకున్నందుకు 3 కోట్ల 17 లక్షల డాలర్ల కరెంటు క్రెడిట్లు పొందింది. ఆ నెలంతా తవ్విన 333 బిట్‌కాయిన్లు అప్పటి ధరకు కోటి డాలర్లు కూడా చేయవు. అంటే పని చేస్తే ఒక వంతు, చేయకపోతే మూడు వంతులు. ఇంతటి ఉద్యోగం కోసం కాదూ మన కుర్రాళ్లు ఏడు సముద్రాలు దాటి వస్తున్నది!

వాళ్లు ముందే చవగ్గా కొని పెట్టుకున్న కరెంటును కరువు వేళ తిరిగి అమ్ముకున్నారని, గ్రిడ్డుకు అదీ సేవేనని తెలిసినవాళ్లు నాకు వివరించారు. అర్థమైంది. సేవ చేసినవాడికి కూలి ఇవ్వాల్సిందే. ఆ రాత్రే కూర్చుని దరఖాస్తు రాశాను.

"గౌరవనీయులైన గ్రిడ్డువారికి, ఫ్రిస్కో నివాసి నమస్కరించి వ్రాయునది. ఈ ఆగస్టు మాసంలో నేను ఈ కింది పనులు చేయకుండా ఉన్నాను. ఒకటి, బట్టల డ్రయ్యరు వేయలేదు. పెరట్లో తాడు కట్టి ఆరేశాను. హెచ్‌ఓఏ, అనగా మా కాలనీ ఇళ్ల యజమానుల సంఘం వారు, ఉత్తరం పంపినారు, ప్రతి జతపరిచాను. రెండు, ఓవెను వేయలేదు. అసలు మా ఓవెన్లో మూకుళ్లు ఉంటాయి. పదకొండేళ్లుగా వాడలేదు, పాత బాకీ కూడా లెక్కకట్టగలరు. మూడు, ఈతకొలను పంపు నడపలేదు. కొలను లేదు గనక. కొలను కట్టించుకోకుండా నిగ్రహించుకున్నందుకు విడిగా క్రెడిటు ఉంటే తెలుపగలరు. నాలుగు, బిట్‌కాయిన్లు తవ్వలేదు. ఒక్కటి కూడా. రాక్‌డేల్ వారు పగటిపూట కొన్ని గంటలే తవ్వడం మానినారు. నేను పుట్టినప్పటి నుంచి మానినాను. ఐదు, ఆదివారం రుబ్బవలసిన పప్పు రాత్రి పదకొండుకు రుబ్బితిమి. పిండి పులియలేదు. సోమవారం దోసెలు అట్టముక్కల్లా వచ్చినవి. మా అబ్బాయి వాటిని తినకుండా మానినాడు, మైనరు కాబట్టి వాడి క్రెడిటు నా ఖాతాలో వేయగలరు."

పోస్టులోనే పంపాను. జవాబుగా మా కరెంటు కంపెనీ నుంచి ఒక మెసేజీ వచ్చింది: మీరు పోయిన నెల మీ ఇరుగుపొరుగు కంటే పొదుపుగా వాడారు. పక్కన నవ్వుతున్న పచ్చటి బొమ్మ. ఆ బొమ్మను ఏ బ్యాంకులో మార్చుకోవాలో రాయలేదు.

మరుసటి ఏడు జులైలో బెరిల్ తుపానుకు హ్యూస్టన్‌లో 22 లక్షల పైచిలుకు కనెక్షన్లకు కరెంటు పోయింది. ఏ పేటలో ఉందో, ఏ పేటలో లేదో చూపే మ్యాపు, అక్కడ కరెంటు లైన్లు నడిపే సెంటర్‌పాయింట్ కంపెనీది, అప్పటికి పనిచేయడం లేదు. జనం వాటాబర్గర్ వాళ్ల యాప్ తెరిచారు. బర్గర్ కొట్టు తెరిచి ఉంటే ఆ వీధిలో కరెంటున్నట్టు. మూసి ఉంటే లేనట్టు. చంద్రుడి మీదికి మనిషిని పంపిన ఊరండీ అది.

మొన్న ఒక పాట్‌లక్‌లో పెద్దాయనొకరు ఓదార్చారు. ఈక్వెడార్‌లో 2024లో వాన లేక, డ్యాముల్లో నీళ్లు లేక రోజుకు 14 గంటల దాకా కోతలట, క్యూబాలో ఒక ప్లాంటు ఆగితే దేశమంతా ఆరిపోయిందట, చిలీలో 2025 ఫిబ్రవరిలో ఉత్తరం నుంచి వచ్చే పెద్ద లైనొకటి ఉన్నట్టుండి ఆగిపోయి దేశంలో ఎక్కువ భాగం చీకటైందట, మనం నయం కదా అని. నయమే. పక్కింటాయన కాలు విరిగిందని వింటే మన పన్నునొప్పి నయమే.

అన్నట్టు 2024 వేసవిలో మాకు 78 మెసేజీ ఒక్కటీ రాలేదు. సోలార్లూ బ్యాటరీలూ వేల మెగావాట్లు కొత్తగా వచ్చి సాయంత్రం గండం గట్టెక్కించాయి. మేలు చేసినవాడికి సన్మానం చేయాలి కదా? 2025లో టెక్సస్ సెనేట్ ఒక బిల్లు ఆమోదించింది. సూర్యుడు లేనప్పుడు సోలార్ కంపెనీలు, పాతవి సహా, వేరే ఏర్పాటు చూపించాలట. సూర్యనారాయణమూర్తి రాత్రి డ్యూటీకి రావడం లేదని మెమో అన్నమాట. ప్రతినిధుల సభలో అది ఆగిపోయింది, ఆయన అదృష్టం. దేశం మొత్తం మీద గ్రిడ్డుకు కలపమని వరసలో నిలబడ్డ ప్రాజెక్టులు 2023 చివరికి 2,600 గిగావాట్లు, ఉన్న ప్లాంట్లన్నిటికీ రెట్టింపు పైన. వరసలో ఏళ్లకేళ్లు నిలబడి, చివరికి విసిగి వెళ్లిపోయేవే ఎక్కువ. ఇది చదివి మా వాళ్లెవరికీ ఆశ్చర్యం కలగలేదు. గ్రీన్‌కార్డు వరసలో ఉన్నవాడికి గ్రీన్ ఎనర్జీ వరస ఒక లెక్కా?

ఇప్పుడు ఇంకో వరస మొదలైంది. డేటా సెంటర్లూ అవీ కలిసి 2025 చివరికి ఎర్కాట్‌ను అడిగిన కరెంటు 2 లక్షల మెగావాట్లు దాటింది. ఆ 85,508 రికార్డుకు రెట్టింపు కంటే ఎక్కువ. సగం ఉత్త కాగితాలే అంటున్నారు. మిగతా సగం చాలు.

మా ఆవిడ ఆదివారం పప్పు నానబోసే ముందు ఎర్కాట్ పేజీ తెరిచి, సరఫరా గీత పైన ఉందా, వాడకం గీత పైన ఉందా చూసుకుంటోంది. రెండు గీతల మధ్య జానెడు ఎడం ఉంటే రెండు గ్లాసులు పోస్తుంది, లేకపోతే ఉప్మా. అత్తయ్య తెనాలి వెళ్లిపోయారు. ఇదివరకు ఫోన్ ఎత్తగానే పిల్లలెలా ఉన్నారని అడిగేవారు. ఇప్పుడు మొదటి మాట అది కాదు.

"అక్కడ కరెంటుందా, అల్లుడుగారూ?"