వాషింగ్టన్ సరే, ఆస్టిన్ సంగతేమిటి?

హెచ్‌-1బీ మీద వాషింగ్టన్‌లో చిన్న పుకారు లేచినా చాలు, టెక్సస్‌లోని ఫ్రిస్కో, ఇర్వింగ్‌ల తెలుగు వాట్సాప్ గ్రూపులు తెల్లవార్లూ మోగుతూనే ఉంటాయి. అదే గ్రూపులో ‘మన స్టేట్ రిప్రజెంటేటివ్ ఎవరండీ?’ అని అడిగి చూడండి. ఒక్క బొటనవేలి గుర్తు కూడా రాదు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయితే మిఠాయిలు పంచుకున్నాం కానీ, అంతకుముందు ఆమె కూర్చున్నది రాష్ట్ర ప్రతినిధుల సభలోనేనని ఎందరికి గుర్తుంది?

వీసా మెడ మీద కత్తే, కాదనను. కానీ కాన్పయ్యాక ప్రభుత్వ బీమా ఎన్ని నెలలుండాలి, సన్న జడలు అల్లుకుని వచ్చిన పిల్లను బడి వెనక్కి పంపొచ్చా లాంటివి చాలావరకు తేలేది టెక్సస్ రాజధాని ఆస్టిన్ లాంటి చోట్ల, రాష్ట్ర శాసనసభల్లో. తేడా వస్తే ముందు దెబ్బతినేది శ్వేతేతర మహిళలు. ఆ మాట వినగానే ‘అది నల్లవాళ్ల గొడవ’ అనుకుంటాం. అమెరికా లెక్కల్లో మన ఆడవాళ్లూ ఆ శ్వేతేతరుల వరసలోనే ఉన్నారు.

2023లో లక్ష సజీవ జననాలకు చనిపోయిన తల్లులు శ్వేతజాతిలో 14.5 మంది, నల్లజాతిలో 50.3 మంది. మూడు రెట్లకు పైనే. మనవాళ్ల అంకె ఇందులో విడిగా కనిపించదు. చైనా, ఫిలిప్పీన్స్, ఇండియా అంతా ‘ఏషియన్’ అనే ఒకే గంప. దక్షిణాసియా గర్భిణుల్లో మధుమేహం ఎక్కువన్న సంగతి ఆ గంప అడుగున పడిపోతుంది.

టెక్సస్‌లో కాన్పుల్లో దాదాపు సగానికి డబ్బు కట్టేది తక్కువ ఆదాయం వాళ్లకిచ్చే ప్రభుత్వ బీమా మెడికెయిడ్. మొన్నమొన్నటి దాకా ఆ బీమా ప్రసవమయ్యాక రెండు నెలలకే ఆగిపోయేది. మన ఇళ్లలో బాలింతకు మూడో నెల దాకా చల్లగాలి కూడా తగలనివ్వరు. నిజానికి అమెరికాలో గర్భం, కాన్పుల వల్ల జరిగే మరణాల్లో సగానికి పైగా కాన్పైన వారం తర్వాత, ఏడాదిలోపు జరిగేవే. 2021లో సభ ఆరు నెలలకు ఒప్పుకుంది. ఏడాదికి పెంచుతూ హెచ్‌బీ 12 అనే బిల్లు చట్టమైంది 2023లో. అడుగుతూనే ఉన్నారు కాబట్టి వచ్చింది.

జుట్టు చట్టానిదీ అదే దారి. జడలు, లాక్స్ (పాయలుగా ముడిపడేలా పెంచిన జుట్టు) పేరుతో బడిలో, ఉద్యోగంలో వివక్ష చూపకూడదన్న క్రౌన్ యాక్ట్ 2021లో టెక్సస్‌లో అటకెక్కింది. రెటా బౌవర్స్ అనే డెమొక్రాట్ సభ్యురాలు 2023లో మళ్లీ తెస్తే 143-5 ఓట్లతో సభ దాటింది, రిపబ్లికన్ గవర్నర్ సంతకం చేశారు. అంతటితో అయిపోలేదు. చట్టంలో జుట్టు పొడవు మాట లేదు కాబట్టి దానికి హద్దు పెట్టొచ్చని హ్యూస్టన్ దగ్గరి ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ వాదించింది, 2024 ఫిబ్రవరిలో జడ్జి ఆ వాదనకే ఓటేశారు. బిల్లు గెలిచాక కూడా దాని వెంట నడవాలనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

మనకు చేతకాక కాదు. కులవివక్షను నిషేధించే ఎస్‌బీ 403 బిల్లు 2023లో కాలిఫోర్నియా శాసనసభ కమిటీల ముందుకొచ్చినప్పుడు రాజధాని శాక్రమెంటోలో భారతీయులు వందల్లో బారులు తీరారు. పేరు, ఊరు, మద్దతా వ్యతిరేకమా అన్న మూడు ముక్కలూ మైకులో చెప్పి పక్కకు జరిగారు. రెండు పక్షాలూ అంతే. ఆఖరికి గవర్నర్ వీటో చేశారు. ఆ బిల్లు మంచిచెడులు వేరే వ్యాసం. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ క్యూ. బాలింతల బిల్లుకు అందులో పదోవంతు మంది నిలబడినా చాలు.

‘మనకు ఓటెక్కడిది?’ అంటారు. ఓటు లేనివాళ్లు చందా ఇవ్వకూడదు, గ్రీన్‌కార్డు కూడా లేకపోతే. ఉత్తరం రాయడానికి, ప్రతినిధి ఆఫీసుకు ఫోన్ చేయడానికి, కమిటీ ముందు మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు. హెచ్‌-4 (హెచ్‌-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీదున్న ఇల్లాలికీ ఆ హక్కుంది.

టెక్సస్ సభ మామూలుగా బేసి సంవత్సరాల్లో, జనవరి నుంచి 140 రోజులకు మించకుండా కూర్చుంటుంది. ఆస్టిన్‌లోని కేపిటల్ (శాసనసభ) భవనంలో స్క్రీన్ ముందు నిలబడి పేరు, బిల్లు నంబరు కొట్టి ‘అనుకూలం’ నొక్కితే, నోరు విప్పకపోయినా కమిటీ రికార్డులోకి ఎక్కుతారు. ఫ్రిస్కో నుంచి ఆస్టిన్‌కు కారులో నాలుగు గంటలు. వెళ్లలేనివాళ్లు టెక్సస్ నివాసులైతే చాలు, ప్రతినిధుల సభ సైట్‌లోనే వ్యాఖ్య రాయొచ్చు. అక్కడ ఎవరో పంపిన నమూనా ఉత్తరం అతికించకండి. కాన్పైన ఆరో వారంలో బీపీ పెరిగి అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరుగెత్తిన మీ చెల్లెలి సంగతి, మీకొచ్చిన ఇంగ్లీషులోనే, నాలుగు వాక్యాలు రాయండి.