చోక్సీకి పరుపు, మైకంచ్‌కు తూటా

కనీసం 3 చదరపు మీటర్ల చోటు. శుభ్రమైన మందపాటి నూలు పరుపు, దిండు, దుప్పటి. ఒంట్లో బాగోకపోతే మంచం కూడా. ముంబయి ఆర్థర్ రోడ్ జైలు 12వ నంబరు బ్యారక్‌లో మెహుల్ చోక్సీకి ఇవన్నీ అమర్చిపెడతామని కేంద్ర హోం శాఖ 2025 సెప్టెంబరులో బెల్జియంకు రాతపూర్వకంగా మాటిచ్చింది. పంజాబ్ నేషనల్ బ్యాంకును 13 వేల కోట్ల రూపాయలకు పైగా ముంచారన్న కేసులో నిందితుడాయన. అక్కడి కోర్టు ఆ మాట నమ్మి అప్పగింతకు ఒప్పుకుంది. మంచిదే. అలాంటివాళ్లను ఎక్కడున్నా రప్పించి బోనెక్కించాల్సిందే. మరి ఒడిశాలో రాయగడ జిల్లా కాశీపూర్ కొండల్లో అర్ధరాత్రి పోలీసులు జీపెక్కించుకుపోయే కోందు గిరిజన కుర్రాడికి ఈ సర్కారు ఏ కాగితం రాసిచ్చింది?

ఈ హామీ పత్రాల అవసరం ఊరకే రాలేదు. 1995 డిసెంబరులో పశ్చిమ బెంగాల్‌లోని పురూలియాలో విమానం నుంచి ఆయుధాలు జారవిడిచిన కేసులో నీల్స్ హోల్క్ అలియాస్ కిమ్ డేవీని అప్పగించడానికి డెన్మార్క్ కోర్టు 2011లో కుదరదంది. 2024లో మళ్లీ అదే మాట. భారత్‌కు పంపితే చిత్రహింసలు పెట్టే ప్రమాదం ఉందన్నది వాళ్లు చూపిన కారణం. 2025 ఫిబ్రవరిలో లండన్ హైకోర్టు ఆయుధాల దళారీ సంజయ్ భండారీ విషయంలోనూ దాదాపు అదే చెప్పింది, తిహార్ జైలును పేరుపెట్టి మరీ. ఆ తీర్పు పట్టుకుని, చోక్సీతోపాటు అదే బ్యాంకు కేసులో నిందితుడైన నీరవ్ మోదీ కూడా తన కేసు తిరగదోడమని కోర్టుకెక్కాడు. అంతకుముందు 2018లో విజయ్ మాల్యా కేసు విన్న న్యాయమూర్తి, బ్యారక్‌లోకి పగటి వెలుతురు ఎంత వస్తుందో వీడియో తీసి పంపమంటే మన అధికారులు తీసి పంపారు. ఒక్క మాల్యా కోసం కిటికీ వెలుతురు చూపించినవాళ్లు, ఒడిశా ఠాణాల్లో లాకప్ తలుపు ఒక్కసారి తెరిచి చూపించగలరా?

అసలు రోగం ఢిల్లీలోనే ఉంది. చిత్రహింసల నిరోధానికి ఐక్యరాజ్య సమితి చేసిన ఒప్పందంపై భారత్ 1997 అక్టోబరులో సంతకం పెట్టింది. ఆమోదముద్ర మాత్రం ఇప్పటికీ వేయలేదు. 2010లో లోక్‌సభ ఒక బిల్లు ఆమోదించింది, అది రాజ్యసభలో సెలెక్ట్ కమిటీ దాకా వెళ్లి అక్కడే మురిగిపోయింది. 2017లో లా కమిషన్ తన 273వ నివేదికలో ప్రత్యేక చట్టం కావాలని సిఫార్సు చేసింది. ఆ చట్టం లేకపోవడం వల్ల పరారైన నేరగాళ్లను రప్పించుకోవడం కష్టమవుతోందన్న సంగతి కూడా అందులో ప్రస్తావనకు వచ్చింది. చూశారా సంగతి! పేదవాడి వీపు చిట్లుతోందని చట్టం చేయరు. కోటీశ్వరుడు చిక్కడం లేదని అంటే అప్పుడైనా చేస్తారేమోనని కమిషన్ ఆశ. ఆ ఆశా తీరలేదు. చట్టం చేస్తే అందరికీ ఇవ్వాలి. కాగితమైతే ఒక్కొక్కరికే రాసివ్వొచ్చు. సర్కారుకు నచ్చింది కాగితమే.

మావోయిస్టులతో పోరాడే బలగాలకు చేతులు కట్టేస్తే ఎలా అన్న వాదన ఉంది. 2008 జూన్‌లో బలిమెల జలాశయంలో లాంచీపై జరిగిన దాడిలో గ్రేహౌండ్స్‌తో సహా 38 మంది చనిపోయారు, ఆ దుఃఖాన్ని ఎవరూ తక్కువ చేయరు. కానీ 2016 జులైలో కంధమాల్ జిల్లా గుముడుమహలో పోలీసు తూటాలకు పోయిన అయిదుగురు ఎవరు? ఉపాధి హామీ కూలి డబ్బు బ్యాంకులో తీసుకుని ఆటోలో ఇంటికొస్తున్నవాళ్లు. వాళ్లలో ఆడవాళ్లున్నారు, చంటిబిడ్డ ఉంది. ఎదురుకాల్పుల మధ్యలో చిక్కుకున్నారని పోలీసులు చేతులు దులుపుకున్నారు. సరిహద్దుకు ఇటువైపు వాకపల్లి సంగతి తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. పోలీసులు తమపై అత్యాచారం చేశారని 2007లో 11 మంది కోందు మహిళలు ఫిర్యాదు చేస్తే, 2023లో నిందితులంతా నిర్దోషులుగా బయటికొచ్చారు. దర్యాప్తు సక్రమంగా జరగలేదని కోర్టే చెప్పి, బాధితులకు పరిహారం ఇమ్మంది. దర్యాప్తు చేసిందీ పోలీసులే మరి.

ఇక నీతులు చెప్పే దేశాల వైపు చూద్దాం. 2000 డిసెంబరు 16న కాశీపూర్ సమితి (మన మండలం లాంటిది)లోని మైకంచ్ గ్రామంలో పోలీసులు కాల్పులు జరిపి ముగ్గురు గిరిజనులను చంపారు. ఆ ఊళ్లవాళ్లు వద్దన్నది కొండల్లో బాక్సైట్ తవ్వి అల్యూమినా తీసే ఉత్కళ్ అల్యూమినా ప్రాజెక్టును. అందులో ప్రధాన భాగస్వామి నార్వేకు చెందిన నోర్స్క్ హైడ్రో. ఆ కంపెనీలో అప్పట్లో నార్వే ప్రభుత్వానిదే 40 శాతానికి పైగా వాటా. ఏటా శాంతి బహుమతి ఇచ్చే దేశం! కాల్పుల తర్వాత ఏడాది తిరిగేసరికి హైడ్రో వాటా వదులుకుని వెళ్లిపోయింది. 2007లో కెనడా కంపెనీ ఆల్కాన్ కూడా సర్దుకుంది. బాక్సైట్ మాత్రం ఆగలేదు, ఫ్యాక్టరీ లేచింది. పోయిన ముగ్గురి ఇళ్ల ముందు నిలబడి ఇందులో మా బాధ్యత ఇంత అని చెప్పిన విదేశీ సర్కారు ఏది? నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వాలని చూసిన లండన్ కంపెనీ వేదాంత నుంచి 2007లోనే నార్వే పింఛను నిధి పెట్టుబడి ఉపసంహరించింది. నియమగిరి డోంగ్రియా కోందుల హక్కులను వేదాంత గౌరవించలేదని 2009లో బ్రిటన్ ప్రభుత్వ విభాగమే తేల్చింది. తేల్చి ఏం చేసింది? నివేదిక దగ్గరే ఆగింది. చెయ్యాలనుకుంటే దారి లేకపోలేదు. గని కాలుష్యంపై జాంబియా పల్లెవాళ్లు వేదాంతపై లండన్‌లోనే దావా నడుపుకోవచ్చని 2019లో బ్రిటన్ సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తలుపు నియమగిరి వైపు ఎందుకు తెరుచుకోదు?

డెన్మార్క్‌కు తన పౌరుడు హోల్క్ ముఖ్యం. కాదనం. భారత పోలీసులను నమ్మలేమని హోల్క్ విషయంలో అనగలిగితే, అదే పోలీసుల కాపలాతో ఐరోపా కంపెనీలు ఇక్కడి కొండలు తవ్వడానికి దిగినప్పుడు ఆ అపనమ్మకం ఎక్కడికి పోయింది? వాళ్లను తప్పుపట్టే హక్కు మన సర్కారుకు అసలే లేదు. 2023 ఆగస్టులో రాయగడ జిల్లాలో నియమగిరి ఉద్యమకారులు 9 మందిపై ఉగ్రవాద కేసులకు వాడే ఉపా చట్టం ప్రయోగించి, గొడవయ్యాక ఆ సెక్షన్లు తీసేశారు. అంత తేలిగ్గా తీసేసే సెక్షన్లు పెట్టిందెందుకు?

మజ్జిగౌరమ్మ మొక్కు తీర్చుకోవడానికి రాయగడకు కార్లలో, రైళ్లలో పోయే మన ఉత్తరాంధ్ర జిల్లాలవాళ్లలో మైకంచ్ పేరు విన్నది ఎందరు? అరకు, కొరాపుట్ లోక్‌సభ స్థానాలకు హద్దు ఒకటే, ఓటర్లలో కోందులు రెండు పక్కలా ఉన్నారు. చోక్సీకి రాసిచ్చిన హామీ మా ఠాణాల్లో పడేసిన మనిషికి ఎందుకు వర్తించదో పార్లమెంటులో లేచి అడగాల్సింది ఈ రెండు స్థానాల ఎంపీలు. చిత్రహింసల ఒప్పందాన్ని ఆమోదించమని, 2010 బిల్లును బూజు దులిపి తెమ్మని పట్టుబట్టాల్సిందీ వాళ్లే. ఎన్నికలప్పుడు సంతలో చేతులు కలిపి థింసా ఆడి, ఫొటో దిగి, తలపాగా తీసేసి ఢిల్లీ రైలెక్కడానికి కాదు జనం వాళ్లకు ఓటేసింది.