సుంకం ఎంతో బిల్లులో కనపడాలి

దిగుమతి సుంకాన్ని ధర పక్కన విడిగా చూపితే కొనుగోలుదారులు అయోమయంలో పడతారని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. అమెరికాలో అమ్మకపు పన్నును బిల్లులో ఎప్పటి నుంచో విడిగానే చూపుతున్నారు, దానికెవరూ తికమకపడటం లేదు. 2025 ఏప్రిల్‌లో అమెజాన్ సుంకాల భారాన్ని చూపబోతోందన్న వార్త రాగానే వైట్‌హౌస్ దాన్ని శత్రుత్వపూరిత చర్య అంది. చౌక వస్తువుల విభాగంలో ఆ ఆలోచన వచ్చిన మాట నిజమే కానీ ఆమోదించలేదని సంస్థ వివరణ ఇచ్చుకుంది. తాము చెల్లించే డబ్బు ఎక్కడికి పోతోందో తెలుసుకోవడం కొనేవారి హక్కు. అందులో శత్రుత్వం ఏముంది?

అయితే చూపే పద్ధతిలో నిజాయితీ ఉండాలి. సాధారణంగా సుంకం పడేది మనం చెల్లించే ధర మీద కాదు, కస్టమ్స్ దగ్గర ప్రకటించిన దిగుమతి విలువ మీద. 10 డాలర్లకు దిగుమతైన వస్తువును 25 డాలర్లకు అమ్ముతుంటే 30 శాతం సుంకమంటే 3 డాలర్లే. ఉత్తినే "సుంకం 30 శాతం" అని రాస్తే, ధరలో దాదాపు మూడో వంతు ప్రభుత్వానికే పోతోందని జనం అనుకుంటారు. ఆ నెపంతో ధరను ఇంకో నాలుగు డాలర్లు పెంచినా ఎవరూ ప్రశ్నించరు! సుంకం పెరగక ముందే గోదాముకు చేరిన సరుకుపై కొత్త సుంకం పేరెత్తడం మరీ అన్యాయం. అందుకే శాతం వద్దు, ఆ వస్తువుకు నిజంగా కట్టిన మొత్తాన్నే చూపాలి. రేటు తగ్గినప్పుడు విక్రేత ధర తగ్గించాడో లేదో కూడా అప్పుడే బయటపడుతుంది.