ఆర్మీ పిట్టూ గట్టిదే, మోసే వీపు సంగతి ఎవరు చూశారు?

నెల్లూరు ఏ.సి. సుబ్బారెడ్డి స్టేడియానికి తెల్లవారుజామున ఐదింటికి వెళ్తే ఆర్మీ సెలక్షన్లకు ప్రాక్టీసు చేసే పిల్లలు కనపడతారు. మొన్న ఒకబ్బాయి పాత కాన్వాస్ పిట్టూలో, అంటే సైనికులు వీపున మోసే సంచిలో, ఇసుక నింపుకొని రౌండ్లు కొడుతున్నాడు. ఆపి అడిగితే, "ఒరిజినల్ ఆర్మీదన్నా, దీనికి అలవాటు పడితే అక్కడ ఈజీగా ఉంటది" అన్నాడు. బనీను పక్కకు జరిపితే రెండు భుజాల మీదా పట్టీ వెడల్పున చర్మం కమిలిపోయి ఉంది. ఆ రోజు నుంచీ ఇది రాయాలని మనసులో పడింది.

ఆ సంచి సంగతి నాకు బాగా తెలుసు. మా పెదనాయన హవల్దారుగా రిటైరై వచ్చినప్పుడు నల్ల ట్రంకు పెట్టెతో పాటు అలాంటి పిట్టూ ఒకటి తెచ్చుకున్నాడు. చిన్నప్పుడు దాన్ని ముట్టుకోవడమే మాకు గొప్ప. కిందటి కార్తీకంలో ఉదయగిరి దుర్గం ఎక్కుతూ అదే వేసుకెళ్ళాను. రెండు పూటల తిండి, ఐదు లీటర్ల నీళ్ళు, ఒక దుప్పటి, అంతే. సగం కొండ ఎక్కేసరికి వాన పట్టుకుంది. మా నెల్లూరు వైపు అసలు వానలు అప్పుడే కదా. కాన్వాస్ అంటే నూలు గుడ్డే, నీళ్ళు పీల్చుకుంటూనే ఉంది. పట్టీలు ఉబ్బి ఇత్తడి బకిల్‌లో బిగుసుకుపోయాయి, వదులు చేద్దామంటే జారవు. పైకి చేరేసరికి కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కి, సీసా మూత తిప్పడం చేతకాలేదు. తిమ్మిరి పూర్తిగా వదలడానికి నాలుగు రోజులు పట్టింది. సన్నపట్టీ భుజం మీద ఎక్కువసేపు నొక్కితే మెడ పక్క నుంచి చేతిలోకి దిగే నరాల మీద ఒత్తిడి పడుతుందని డాక్టరు చెప్పాడు.

బరువు ఎక్కువై ఇలా జరగలేదు. బరువంతా ఎక్కడ పడుతుందన్నదే అసలు సమస్య. ఇప్పటి ట్రెకింగ్ బ్యాగుకు వెడల్పాటి నడుం బెల్టు ఉంటుంది. దాన్ని తుంటి ఎముక మీద బిగిస్తే బరువులో పెద్ద వాటా కాళ్ళ మీదికి దిగుతుంది, భుజం పట్టీ సంచి వెనక్కి పడకుండా పట్టుకుంటే చాలు. పాత పిట్టూకి ఆ బెల్టూ లేదు, లోపల ఫ్రేమూ లేదు, పట్టీకి మెత్తా లేదు. మన సైన్యం ఏళ్ళ తరబడి వాడింది బ్రిటిష్‌వాళ్ళ 1937 నమూనా సామాను. అందులో పెద్ద పిట్టూ అయితే అంతకు ముందటి 1908 నమూనాలోదే. ఆ సామానులో ఛాతీ ముందు ఉండే పౌచ్‌లను బ్రెన్ అనే తేలికపాటి మెషిన్ గన్ తూటాల మ్యాగజైన్లు పట్టేలా కుట్టారు. వాటిని ఛాతీ కింద పెట్టుకొని బోర్లా పడుకొని కాల్చాలి. తుపాకీ అవసరం చూశారు, మోసేవాడి డొక్కలు చూడలేదు.

వాన కథ చెప్పినప్పుడు పెదనాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మాకూ చేతులు తిమ్మిరెక్కేయిరా అబ్బయా. చెప్తే పిరికోడంటారని ఎవడం చెప్పలా. ముందు పౌచ్‌లు నిండుగా ఉన్నంతసేపు సంచికి సరిపోయేది. అవి ఖాళీ అయ్యాయంటే సంచి వెనక్కి గుంజేది, వంగి నడవాల్సిందే." ఇత్తడి బకిళ్ళకు పాలిష్ పెట్టడం, పట్టీలకు రంగు పూయడం మాత్రం రోజూ తప్పేది కాదట. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. మెరిసిందా లేదా అని తనిఖీ చేశారు కానీ, భుజం ఎట్టా ఉందిరా అని అడిగినవాడు లేడు.

మిగతా దేశాల్లో కొందరు ముందే మారారు, కొందరు మారలేదు. అమెరికావాళ్ళు 1973లో ఆలిస్ అనే నైలాన్ సామాను తెచ్చి, పెద్ద సంచికి అల్యూమినియం ఫ్రేమ్ పెట్టారు. బ్రిటిష్‌వాళ్ళు మాత్రం 1982లో అర్జెంటీనాతో ఫాక్‌లాండ్స్ దీవుల కోసం జరిగిన యుద్ధానికి కూడా 1958 నమూనా నూలు పట్టీలతోనే వెళ్ళారు. అక్కడ మెరైన్లు మూడు రోజుల్లో సుమారు 90 కిలోమీటర్లు, ఒక్కొక్కరు 36 కిలోల దాకా మోసుకుంటూ నడిచారు. ఆ ఘనత మనుషులది. దాన్ని సంచి ఖాతాలో రాయకండి.

మిలిటరీ సామాను అమ్మే కొట్లలో "ఇరవయ్యేళ్ళు చిరగదు" అంటారు. నిజమే, పెదనాయనది ఇంకా చిరగలేదు. చిరిగేది మనం. ఆర్మీ మీద గౌరవంతో కొంటున్నామంటే ఆ గౌరవం నాకూ ఉంది. కానీ జవాన్లకు వేరే దిక్కు లేక ఓర్చుకున్నదాన్ని మంచి సామాను అనుకోవడం నావల్ల కాదు.

సెలక్షన్‌కు వెళ్ళే తమ్ముళ్ళూ, రిక్రూట్‌మెంట్ పరుగు 1.6 కిలోమీటర్లు. వీపు మీద ఏ బరువూ ఉండదు. బరువుతో పరిగెత్తడం చేరిన తర్వాత సంగతి, దానికి వాళ్ళే నెలల తరబడి తయారుచేస్తారు. ఇప్పుడే భుజమో మోకాలో పాడు చేసుకుంటే మెడికల్లోనే వెనక్కి పంపేస్తారు. కొండలెక్కేవాళ్ళు కొత్త బ్యాగుకు డబ్బుల్లేక పాతదే వాడాల్సి వస్తే, బరువైనవి వీపుకు ఆనేలా పెట్టండి, పట్టీ కింద తువ్వాలు మడిచి వేయండి, వాన వచ్చేలా ఉంటే పైన ప్లాస్టిక్ పట్టా కప్పండి. చేయి తిమ్మిరెక్కితే ఓర్చుకోకుండా అక్కడికక్కడే దించేయండి.

స్టేడియంలో ఆ అబ్బాయి చేత ఇసుక అక్కడే పోయించాను. ఖాళీ భుజాలతో నాలుగు రౌండ్లు కొట్టి వచ్చి, టైమెంత వచ్చిందో చూడమని నా ఫోన్ వైపు చూశాడు.