సిమ్యులేటర్‌లోని స్విచ్చి దొరవారికి

మహారాజశ్రీ, కంప్యూటర్లో సర్క్యూట్లు నడిపి చూపే ఎల్‌టీస్పైస్ సాఫ్ట్‌వేర్ నివాసి, ఉత్తుత్తి స్విచ్చి ఎస్‌డబ్ల్యూ గారికి, అనంతపురం నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

నిజానికి మీ క్షేమం అడగనక్కర్లేదు. మీకు తుప్పు పట్టదు, దుమ్ము అంటదు, స్ప్రింగు వదులు కాదు. విలువలేమీ ఇవ్వకపోతే మూసినప్పుడు 1 ఓమ్, తెరిచాక లక్ష కోట్ల ఓములు. ఇక్కడ శనక్కాయ చేలల్లో బోరు స్టార్టర్ పచ్చబటన్ రెండుసార్లు గుద్దితే గానీ పట్టుకోదు. పామర జాతి!

తమర్ని నొక్కడానికి వేలు పనికిరాదు. నాలుగు కాళ్ళలో రెండు కంట్రోలుకట, వాటికి వోల్టేజి సోర్సు నైవేద్యం పెట్టాలి. ఆపైన దండకం: "డాట్ మోడల్ మీట ఎస్‌డబ్ల్యూ, ఆర్ఆన్ 0.1, ఆర్ఆఫ్ 10మెగ్, వీటీ 2.5, వీహెచ్ -0.5". వరసగా మూసినప్పటి ఓములు, తెరిచాక ఓములు (మెగ్ అంటే పది లక్షలు), మారే వోల్టేజి, మారే తీరు. సింబల్ విలువలోనూ "మీట" అనే ఉండాలి. వీహెచ్‌కు మైనస్ పెడితే ఠక్కున కాక మెల్లగా మారతారు, టైమ్‌స్టెప్ (లెక్కలో ఒక్కో కాలపు అడుగు) మరీ చిన్నదైపోయిందన్న సిమ్యులేటర్ గొడవ తగ్గుతుంది. మెగ్ బదులు ఎం ఒక్కటే రాసిన పిల్లకాయల గతి వేరే. తమ భాషలో ఎం అంటే మిల్లీ కదా, తెరిచిన స్విచ్చి మూసినదానికన్నా బాగా పారుతుంది!

అసలు జబ్బు మాత్రం తమ మర్యాద. నిజం బటన్‌లో రేకు తగిలి, ఎగిరి, మళ్ళీ తగిలి కొన్ని మిల్లీసెకన్లు గంతులేస్తుంది. ఒక్క నొక్కుకే కౌంటర్ మూడుసార్లు లెక్కపెట్టేస్తుంది. తమరు ఒక్కసారే, పెళ్ళికూతురిలా కుడికాలు పెడతారు. ప్రాజెక్టు రిపోర్టులో వేవ్‌ఫారం ముత్యం, బోర్డు మీద అదే సర్క్యూట్‌కు పూనకం.

అందుకే తమకు అల్లరి నేర్పిస్తున్నాం. కంట్రోలు సోర్సును పీడబ్ల్యూఎల్ (ఏ క్షణానికి ఎంత వోల్టేజో పాయింట్లుగా రాసే పద్ధతి) చేసి, 10 మిల్లీసెకన్లకు 5 వోల్టులు, 10.3కు సున్నా, 10.8కు 5, 11.1కు సున్నా, 11.5 నుంచి స్థిరంగా 5. ప్రతి మార్పుకీ 1 మైక్రోసెకను ఎడంతో రెండేసి పాయింట్లు రాయాలి. ఒక్కటే రాస్తే మధ్యలో ఏటవాలు గీత గీసేసి, గంతులన్నీ నున్నగా చేసేస్తుంది.

ఇప్పుడు 5 వోల్టులకు 10కే పులప్ (పైకి లాగే 10 వేల ఓముల రెసిస్టరు), భూమికి 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, వెనక 74హెచ్‌సీ14, అంటే చిన్నచిన్న ఊగిసలాటల్ని పట్టించుకోని ష్మిట్ గేటు చిప్పు. ఆ అర మిల్లీసెకను ఖాళీలో కెపాసిటర్ పావు వోల్టు కూడా పెరగదు, ష్మిట్ గేటు చలించదు. కానీ కెపాసిటర్‌ను నేరుగా తమ కాళ్ళకు కడితే మూసిన క్షణాన 5 వోల్టులు, 0.1 ఓమ్: 50 ఆంపియర్ల దాకా. తమరు చిరునవ్వుతో మింగేస్తారు. నిజం కాంటాక్టు అంత లాగకపోయినా, ప్రతి నొక్కుకీ కాస్త గుంట పడుతుంది. మధ్యలో 100 ఓములు పెడితే 50 మిల్లీ ఆంపియర్లకు దిగుతుంది. తమ ప్లాట్‌లో ఆ రెసిస్టరు దండగలా కనిపిస్తుంది. దయచేసి తీసేయమని పిల్లలకు సలహా ఇవ్వకండి.

ఇట్లు,
సోల్డర్ పొగ పీల్చే విధేయులు